ఫాగ్ లైట్లు పెట్టుకుంటే వారంటీ పోయినట్టేనా? 9,140 కిలోమీటర్లకే చార్జింగ్ బంద్ (హన్మకొండ)

కాజీపేట_కుర్రోడు:
అన్నలూ, అక్కలూ, జర దారి చెప్పండి. ఎనిమిది నెలల కింద హన్మకొండలో టూరింగ్ బండి తీసుకున్నా. కంపెనీ పేరు, షోరూం పేరు రాయను. రాస్తే మోడరేటర్ అన్న తీసేస్తాడు, పైగా రేపు మళ్ళీ వాళ్ళ గుమ్మమే ఎక్కాలి. 400 సీసీ పైన బండి, ఆన్‌రోడ్ 3,80,000 అయింది. అందులో రెండున్నర లక్షలు లోను.

మొన్న ఆదివారం ఒక్కడినే కరీంనగర్, లక్షెట్టిపేట మీదుగా ఉట్నూరు బయల్దేరా. జన్నారం దాటి అడవిలోకి పోయాక మీటర్ మీద ఏబీఎస్ లైటు వెలిగింది. ఏదో సెన్సార్ అనుకున్నా. ఇంకో పది కిలోమీటర్లకు మీటరే మసకబారింది. హారన్ కొడితే గొంతు పట్టేసిన మేకలా అరిచింది. తర్వాత ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టక్ టక్ తప్ప ఏమీ లేదు. చుట్టూ టేకు చెట్లు, ఫోన్లో ఒక్క గీత సిగ్నల్, పొద్దు గూకుతోంది. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేస్తే "లొకేషన్ వాట్సాప్ చేయండి" అన్నారు. నెట్ ఉంటే కదా! చివరికి పత్తి దింపి ఖాళీగా వస్తున్న ట్రాలీ ఆటో ఆయన 1,500 తీసుకుని జన్నారం చేర్చాడు. పుణ్యాత్ముడు, తాళ్ళు కూడా ఆయనవే.

షోరూంలో నాలుగు రోజులు పెట్టుకుని ఎస్టిమేట్ ఇచ్చారు. బ్యాటరీ, ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫైయర్, బ్యాటరీకి పోయే కరెంటును అదుపు చేసే డబ్బా), వైరింగ్ సెట్టు కలిపి 19,400. "ఇది ఎలక్ట్రికల్ ఫాల్ట్, వారంటీ రాదు." ఎందుకు రాదని అడిగితే "రాదు సార్" అనే జవాబు తప్ప ఇంకోటి లేదు. సర్వీసులన్నీ టైముకు చేయించా. బండి పూర్తి స్టాక్. ఫొటోలు పెడుతున్నా.

పాత_బుల్లెట్_మామ:
తమ్మీ, పూర్తి స్టాక్ అన్నవు. రెండో ఫొటోలో క్రాష్ గార్డు కింద ఆ రెండు నల్ల గుండ్లు ఏంది?

కాజీపేట_కుర్రోడు:
అవి ఫాగ్ లైట్లు మామా. చిన్నవే. అవి కూడా మాడిఫికేషన్ కిందికి వస్తాయా?

బొగ్గుబావి_రైడర్:
నేను గోదావరిఖనిలో ఎలక్ట్రీషియన్‌ని. తిట్టడం తర్వాత, ముందు నాలుగు ముక్కలు చెప్పు. ఎన్ని వాట్లు? ఏ వైరు నుంచి కరెంటు తీశారు? రిలే ఉందా? ఫ్యూజు ఉందా?

కాజీపేట_కుర్రోడు:
ఒక్కోటి 40 వాట్లు అని డబ్బా మీద ఉంది. చౌరస్తా దగ్గర ఒక యాక్సెసరీస్ షాపులో బిగించారు. లైట్లు 1,400, లేబర్ 300. ఇప్పుడే ముందు భాగం విప్పి చూశా. హెడ్‌లైటు వైరు తోలు ఒలిచి, దానికే ఈ వైరు మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. రిలే కనబడలేదు. ఫ్యూజు కూడా లేదు.

వడ్డేపల్లి_కట్ట:
తమ్ముడూ, షోరూం వాళ్ళు సాకు వెతుక్కునే పని లేకుండా నువ్వే చేతికిచ్చావు. లైట్లు పెట్టడం ఒకటి, కంపెనీ వైరు కోయడం ఇంకొకటి. మార్కెట్లో మన బండికే సరిపోయే కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) కిట్లు దొరుకుతాయి. కంపెనీ కప్లర్ ఊడదీసి మధ్యలో దాన్ని గుచ్చితే చాలు, ఒక్క వైరు కూడా తెగదు. రేపు సర్వీసుకు ఇచ్చేటప్పుడు పదినిమిషాల్లో తీసి డిక్కీలో పడేయొచ్చు.

అయినా ధైర్యం పోగొట్టుకోకు. వారంటీ పుస్తకం చివరి పేజీలు చదువు. చాలా పుస్తకాల్లో "బయటి యాక్సెసరీ వల్ల కలిగిన నష్టానికి వర్తించదు" అని ఉంటుంది. "యాక్సెసరీ ఉంటే మొత్తం వారంటీ రద్దు" అని కాదు. ఆ లైటు వల్లే పాడైందా లేదా అన్నదే అసలు సంగతి. కౌంటర్ దగ్గర కూర్చున్నాయన ఈ తేడా చెప్పడు.

బొగ్గుబావి_రైడర్:
అక్క చెప్పింది కరెక్ట్. ఇప్పుడు లైటు వల్లే పాడైందా చూద్దాం. బండి ఇంటికి తెచ్చుకో, రిపేరుకు ఒప్పుకోకు. బ్యాటరీ బయట చార్జింగ్ పెట్టించు. ఒక మల్టీమీటర్ అరువు తెచ్చుకో, నాలుగొందల రూపాయలదైనా చాలు.

ఇంజిన్ ఆపి బ్యాటరీ టెర్మినళ్ళ మీద పెట్టు. 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. స్టార్ట్ చేసి 4,000 ఆర్పీఎం దాకా లేపు. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. పెరగకుండా కిందికి జారుతుంటే చార్జింగ్ లేదన్నట్టు. 15 దాటితే ఆర్‌ఆర్ యూనిట్ అదుపు తప్పిందన్నట్టు.

చార్జింగ్ లేకపోతే, ఇంజిన్ ఆపి ఆర్‌ఆర్ యూనిట్‌కు వచ్చే కప్లర్ ఊడదియ్యి. స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే తీగచుట్ట) నుంచి ఒకే రంగువి మూడు వైర్లు ఉంటాయి. మల్టీమీటర్ ఏసీ వోల్ట్స్ మీద పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి, రెండేసి వైర్ల మధ్య మూడు జతలూ చూడు. మూడింటిలో ఒకే లెక్క రావాలి, రేజ్ చేస్తే అది పెరగాలి. ఒక జత తక్కువ చూపిస్తే స్టేటర్ కాలింది. రేజ్ మీద ఆ వైర్లలో 50 వోల్టులు దాటుతుంది, వేళ్ళు పెట్టకు. మళ్ళీ ఇంజిన్ ఆపి ఒక్కో వైరుకూ బాడీకీ మధ్య బీప్ వస్తుందేమో చూడు. రాకూడదు.

జగిత్యాల_కొత్తోడు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నేను కూడా వచ్చే నెల టూరింగ్ బండి తీసుకుందామనుకుంటున్నా. ఇది చదివాక భయం పట్టుకుంది. 250 తీసుకోవాలా, 450 తీసుకోవాలా? నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు.

పాత_బుల్లెట్_మామ:
నీ భయం బండి మీదనా, షోరూం మీదనా? పన్ను లెక్క చూసుకో ముందు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. ఆ పైన బండ్లకు సెస్సుతో కలిపి 31 ఉండేది, అది 40 అయింది. అందుకే రెండింటి మధ్య ధర తేడా ముందుకన్నా పెరిగింది. నీకు నిజంగా 450 అవసరమా అని అడుగుతున్న. జగిత్యాల నుంచి ధర్మపురి, కొండగట్టు తిరిగేటోడికి 250 మస్తు.

వడ్డేపల్లి_కట్ట:
నాది వీ-స్ట్రోమ్ ఎస్ఎక్స్. 249 సీసీ, బరువు 167 కిలోలు, ట్యాంకు 12 లీటర్లు. హిమాలయన్ 450 అయితే 196 కిలోలు, ట్యాంకు 17 లీటర్లు. ఆ 29 కిలోల తేడా హైవే మీద తెలియదు. మేడారం దారిలో ఇసుకలో ఆగి పక్కకు ఒరిగినప్పుడు, లేపడానికి ఎవరూ లేనప్పుడు తెలుస్తుంది. మీ ఎత్తుకు సీటు ఎత్తు చాలా ముఖ్యం. టెస్ట్ రైడ్ షోరూం ముందు నున్నటి రోడ్డు మీద కాదు, వాలులో ఆపి ఒక కాలు దించి చూడండి. పెద్ద ట్యాంకు సుఖం కూడా నిజమే, ఏటూరునాగారం అవతల బంకు కోసం చూసుకుంటూ పోయే బాధ ఉండదు.

కొనేటప్పుడు ఇంకొకటి. ఇన్సూరెన్స్ షోరూంలోనే తీసుకోవాలని రూలు లేదు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్‌కు థర్డ్ పార్టీ ఐదేళ్ళది ఒకేసారి కట్టాలి, అంతే. బయట అడిగి చూడండి, ఆ కొటేషన్ చూపిస్తే వీళ్ళు కూడా దిగొస్తారు. "హ్యాండ్లింగ్ చార్జీలు" అని ఒక లైను ఉంటుంది, అది దేనికో రాసిమ్మని అడగండి. నా బిల్లులో అడగ్గానే మాయమైంది.

జగిత్యాల_కొత్తోడు:
థాంక్యూ మేడం. యాక్సెసరీస్ ముందే అన్నీ పెట్టించాలా?

అడవిదారి:
అస్సలు వద్దు భాయ్. రెండు వేల కిలోమీటర్లు నడిపాక నీకే తెలుస్తుంది ఏం కావాలో. నేను మొదటి వారంలోనే హ్యాండిల్ రైజర్లు (హ్యాండిల్‌ను ఎత్తు చేసే ముక్కలు) పెట్టించి నాలుక కరుచుకున్నా. నిలబడి నడపడానికి బాగానే ఉంది, కానీ హ్యాండిల్ పూర్తిగా ఎడమకు తిప్పితే దానంతటదే రేజ్ అయ్యేది. థ్రాటిల్ కేబుల్ లాగేస్తోందన్నమాట. యూటర్న్‌లో అది జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకో. రైజర్ పెడితే కేబుళ్ళు, బ్రేకు హోసు దారి మార్చి, హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూసుకోవాలి.

సీటుకు మాత్రం ఖర్చు పెట్టు. ఇరవై వేల బ్రాండెడ్ సీటు కాదు, మన ఊళ్ళో సీట్లు కుట్టేవాళ్ళు చాలు. మెత్తగా చేయమని మాత్రం చెప్పకు. మెత్తటి ఫోమ్ గంటలో అడుగంటిపోతుంది, ఆ తర్వాత పలక మీద కూర్చున్నట్టే. గట్టి ఫోమ్ అడుగున, పైన సన్నగా మెత్తటిది. నాకు 1,800 అయింది, ఆదిలాబాద్ పోయి వచ్చినా నడుం పట్టలేదు.

టాప్ బాక్సు పెడితే ర్యాకు మీద రాసి ఉన్న బరువు చూడు. చాలా వాటికి ఐదు నుంచి ఏడు కిలోలే. అందులో బాక్సు బరువే మూడు నాలుగు కిలోలు పోతుంది. బరువు సామాను సైడ్ బ్యాగుల్లో, కిందికి ఉండాలి. టాప్ బాక్సులో రెయిన్ కోటు, తువ్వాలు, బిస్కెట్లు.

పాత_బుల్లెట్_మామ:
సైడ్ బ్యాగులంటే గుర్తొచ్చింది. శాడిల్ స్టే (ఆ బ్యాగులు పట్టుకునే ఇనుప చట్రం) విరిగిందని మావోడు బండిని తిన్నగా వెల్డింగ్ షాపుకు తీసుకపోయి బండి మీదనే వెల్డింగ్ చేయించిండు. ఇంటికొచ్చి తాళం పెడితే మీటర్ సచ్చింది. పాత బుల్లెట్ కాదురా అయ్యా, ఇప్పుడు బండి నిండా ఈసీయూలు, అంటే చిన్న కంప్యూటర్లు. స్టే ఊడదీసి ఇవ్వాలె, కుదరకపోతే కనీసం బ్యాటరీ వైర్లన్నా తియ్యాలె.

సైలెన్సర్ మార్చాలని మాత్రం ఇక్కడ ఎవ్వరూ అడగకండి. సౌండు రూలు దాటితే మోటారు వాహనాల చట్టం 190 సెక్షన్ కింద 10,000 దాకా ఫైను, లైసెన్సు మూడు నెలలు పక్కన పెట్టొచ్చు.

కాజీపేట_కుర్రోడు:
రిజల్ట్ తెచ్చా. బండి ట్రాలీలో ఇంటికి తెచ్చుకున్నా. రిపేరు వద్దన్నందుకు షోరూంలో "ఇన్స్‌పెక్షన్ చార్జ్" 590 తీసుకున్నారు. బ్యాటరీ చార్జింగ్ 150. మా బాబాయి దగ్గర మల్టీమీటర్ దొరికింది.

ఇంజిన్ ఆపి 12.5. స్టార్ట్ చేసి 4,000కు లేపితే 12.1, అలాగే మెల్లగా జారుతోంది. ఫాగ్ లైట్లు ఆఫ్‌లోనే ఉన్నాయి. స్టేటర్ వైర్లలో మూడు జతలూ ఒకేలా, రేజ్ మీద 50 పైన. బాడీకి బీప్ లేదు.

కానీ అన్నా, ఆర్‌ఆర్ యూనిట్ కప్లర్ ఊడదీయడానికే పది నిమిషాలు పట్టింది. అంటుకుపోయింది. తెల్లటి కప్లర్, ఒక పిన్ను చుట్టూ చిక్కటి చాయ్ రంగుకు తిరిగి, అంచు కరిగి వంగి ఉంది. లోపల పిన్ను నీలంగా మారింది. పక్కన పిన్నులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఫొటో చూడండి.

బొగ్గుబావి_రైడర్:
ఈ ఒక్క ఫొటో నీ కేసు, తమ్ముడూ. ఆ పిన్ను లూజుగా కూర్చుంది. లూజు కాంటాక్టు దగ్గర వేడి పుడుతుంది, వేడికి ఇంకా లూజవుతుంది, అలా పెరుగుతూ పోయి కరిగింది. స్టేటర్ బాగుంది, ఆర్‌ఆర్ దగ్గర ఆగిపోయింది. లైటు వైరు కలిపింది హెడ్‌లైటు దగ్గర. అక్కడి ఫ్యూజు పోయిందా? హెడ్‌లైటు హోల్డర్ కరిగిందా? లేదు కదా.

షోరూం వాళ్ళు "ఎక్స్‌ట్రా లైట్ల లోడుకు ఆర్‌ఆర్ కాలింది" అంటారు చూడు. షంట్ రకం ఆర్‌ఆర్‌లో లెక్క వేరే. స్టేటర్ ఎప్పుడూ ఫుల్లుగా కరెంటు చేస్తూనే ఉంటుంది. బండి వాడుకోగా మిగిలిందాన్ని ఆర్‌ఆర్ గ్రౌండుకు మళ్ళించి వేడిగా వదిలేస్తుంది. చెరువు నిండితే మత్తడి దుంకినట్టు. లైట్లు వేస్తే మత్తడి మీద నీళ్ళు తగ్గుతాయి, పెరగవు. నీ బండిలో షంట్ రకమో, అక్కర్లేనప్పుడు కరెంటునే ఆపేసే సిరీస్ రకమో కంపెనీ చెప్పాలి, అది వాళ్ళను రాతపూర్వకంగా అడుగు.

అలాగని నీ 80 వాట్లు ఒప్పు అనడం లేదు. ఆరున్నర ఆంపియర్లు అది. ట్రాఫిక్‌లో ఐడ్లింగ్‌లో వేస్తే బ్యాటరీ తింటుంది, ఫ్యూజు లేకుండా ఆ వైరు ఎక్కడన్నా బాడీకి రాసుకుంటే బండి తగలబడుతుంది. రిలే అంటే బ్రహ్మవిద్య కాదు. హెడ్‌లైటు వైరు దానికి సైగ మాత్రమే చేస్తుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా విడిగా వస్తుంది. ఆ 300 లేబర్‌లో ఆయన మిగుల్చుకుంది ఆ రిలే డబ్బులే.

ఫైలు_నంబర్:
లాయర్ని కాదు, గుమాస్తాగా చేశా. అందుకే కాగితాల వైపు నుంచి చెబుతా.

పాత జాబ్ కార్డులన్నీ (సర్వీసుకు ఇచ్చినప్పుడు షోరూం రాసిచ్చే కాగితాలు) బయటికి తీయండి. బండి కొన్న రోజు నుంచి. వాటిలో కరెంటుకు సంబంధించి ఒక్క ముక్క ఉన్నా చాలు. ఆ తర్వాత షోరూంకు కాదు, కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టండి, షోరూంకు కాపీ. ఛాసిస్ నంబరు, కిలోమీటర్లు, ఆగిపోయిన తేదీ, మల్టీమీటర్ రీడింగులు, కప్లర్ ఫొటో. చివర్లో ఒకే ప్రశ్న: "వారంటీ ఏ క్లాజు కింద రాదో రాతలో ఇవ్వండి." కోపం ఒక్క వాక్యం కూడా వద్దు. ఫోన్లో మాట్లాడిందానికి విలువ లేదు.

దానికీ కదలకపోతే 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మీరు ఉండే చోటే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. కట్టిన ధర 5 లక్షల దాకా ఫీజు లేదు. ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్‌లో వేయొచ్చు, వకీలు ఉండి తీరాలని లేదు. గడువు రెండేళ్ళు. అయితే ఒక మాట, "కొత్త బండి ఇప్పించండి" అని అడిగితే కేసు బరువెక్కుతుంది. తయారీ లోపం నిరూపించే బాధ్యత మీదే. 2006లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో వారంటీ అంటే పాడైన భాగం మార్చడమే, వాహనం మొత్తం మార్చడం కాదని చెప్పింది. ఆర్‌ఆర్, బ్యాటరీ, మీ ట్రాలీ ఖర్చు అడగండి, చాలు.

కాజీపేట_కుర్రోడు:
అన్నా!!! మా అమ్మ బీరువాలో బంగారం తాకట్టు రసీదులతో పాటు దాచిపెట్టింది జాబ్ కార్డులు. రెండో సర్వీసు, 4,870 కిలోమీటర్లు. కింద పెన్నుతో రాసుంది: "ఉదయం సెల్ఫ్ లేట్. బ్యాటరీ చార్జ్ చేసి ఇచ్చాం. ఓకే." వాళ్ళ సర్వీస్ అడ్వైజర్ సంతకం. నాకు గుర్తే లేదు.

ఫాగ్ లైట్లు పెట్టించింది దాని తర్వాత రెండు నెలలకు. షాపు వాట్సాప్‌లో బిల్లు ఉంది, తేదీతో.

వడ్డేపల్లి_కట్ట:
మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. కొత్తోళ్ళూ, ఇది చూసుకోండి. బండి ఇచ్చేటప్పుడు అడ్వైజర్ "జనరల్ చెకప్" అని రాసి సంతకం పెట్టమంటాడు. పెట్టకండి. మీరు చెప్పిన కంప్లైంట్ మీ మాటల్లోనే రాయించి, కిలోమీటర్లు కనబడేలా మీటర్ ఫొటో, కార్డు ఫొటో తీసుకున్నాకే తాళం ఇవ్వండి.

కాజీపేట_కుర్రోడు:
మెయిల్ పెట్టి 23 రోజులైంది, అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు. మొదటి వారం "మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది" అని యంత్రం జవాబు. రెండో మెయిల్లో 4,870 జాబ్ కార్డు, లైట్ల బిల్లు పక్కపక్కన పెట్టా. మూడో రోజు ఏరియా మేనేజర్ ఫోన్. మొన్న షోరూంకు వచ్చి కప్లర్ చేత్తో పట్టుకుని చూశాడు, అడ్వైజర్ వైపు చూశాడు, ఏమీ అనలేదు. ఆర్‌ఆర్ యూనిట్, బ్యాటరీ వారంటీలో. కోసిన హెడ్‌లైటు వైరింగ్ ముక్క నా ఖర్చు, 2,300. అది న్యాయమే. ట్రాలీ డబ్బులు, 590 ఇవ్వలేదు.

డెలివరీకి ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. "గుడ్‌విల్ కింద ఇస్తున్నాం. ఇకపై ఎలక్ట్రికల్ వారంటీ వర్తించదు" అని. ఫైలు_నంబర్ అన్నకు అక్కడి నుంచే మెసేజ్ పెట్టా. ఆయన చెప్పినట్టు రెండో వాక్యం కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, ఫొటో తీసుకుని ఇచ్చా. కౌంటర్ అమ్మాయి లోపలికి పోయి పావుగంట రాలేదు. వచ్చి తాళం ఇచ్చింది.

ఇప్పుడు 4,000 మీద 14.2.

బొగ్గుబావి_రైడర్:
కొత్త కప్లర్ ఐదొందల కిలోమీటర్లకు ఒకసారి, లాంగ్ రైడ్ తర్వాత, ఇంజిన్ ఆపి ముట్టి చూస్తుండు. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేకపోతే ఫోన్ కొట్టు.

జగిత్యాల_కొత్తోడు:
నేను 250 బుక్ చేశా. హ్యాండ్లింగ్ చార్జీలు దేనికో రాసిమ్మన్నా. "సిస్టంలో లేదు సార్" అని తీసేశారు.

పాత_బుల్లెట్_మామ:
శభాష్. కాజీపేట తమ్మీ, ఆ 40 వాట్ల గుండ్లు ఏం చేసినవ్?

కాజీపేట_కుర్రోడు:
డబ్బాలో ఉన్నాయి మామా. రిలే, ఫ్యూజు ఉన్న కప్లర్ కిట్, 20 వాట్ల లైట్లు ఆర్డర్ పెట్టా. వాటిని ఈసారి నేనే బిగిస్తా.

పాత_బుల్లెట్_మామ:
అయితే ఆ పాతవి నాకియ్యి. మా ట్రాక్టర్‌కు పెట్టుకుంట. దానికి వారంటీ 1998లనే అయిపోయింది.